జెండా ఒకరిది, ఓడ ఒకరిది, సరుకు ఇంకొకరిది: ముప్పొస్తే పూచీ ఏ రాజ్యానిది?

డాల్ఫిన్ కొండ | ఆదివారం, ఉదయం 8:10

వచ్చే నెల మనం కూర్చునే చర్చకు ఇదే అంశం. ప్రపంచీకరణతో రాజ్యం చిక్కిపోయిందని కొందరు, లేదు మరింత బలిసిందని కొందరు. రెండూ గాల్లో మాటలుగానే మిగిలిపోతున్నాయి కాబట్టి ఒక్క ఓడను పట్టుకుని మొదలుపెడదాం.

2023 డిసెంబర్ 23న కెమ్ ప్లూటో అనే కెమికల్ ట్యాంకర్‌కు గుజరాత్ తీరానికి దాదాపు 200 నాటికల్ మైళ్ల అవతల డ్రోన్ తగిలింది. జెండా లైబీరియాది. సొంతదారు జపాన్ కంపెనీ. నడిపేది నెదర్లాండ్స్ సంస్థ. సరుకు సౌదీ నుంచి మంగళూరుకు వస్తోంది. సిబ్బందిలో దాదాపు అందరూ మనవాళ్లే. డ్రోన్‌ను ఇరాన్ నుంచి వదిలారని అమెరికా రక్షణ శాఖ అంది, ఇరాన్ కాదంది. ఓడ దగ్గరికి కోస్ట్ గార్డ్ నౌక విక్రమ్‌ను పంపింది మనం, ముంబై రేవుకు చేర్చుకున్నదీ మనమే.

చట్టం ప్రకారం ఇందులో ఎవరి బాధ్యత ఎంత? ఖర్చు ఎవరి నెత్తిన పడింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. సిద్ధాంతాలు తర్వాత చూసుకోవచ్చు.

లంగరు | ఉదయం 9:02

ముందు "ఓడ ఎవరిది" అన్న ప్రశ్ననే విడగొట్టాలి. రిజిస్టర్డ్ ఓనర్ అంటే చాలాసార్లు ఒకే ఒక్క ఓడ కోసం పెట్టిన కాగితం కంపెనీ. దాని వెనక అసలు డబ్బు పెట్టినవాడు వేరే ఉంటాడు. సిబ్బందినీ మరమ్మతులనీ చూసే టెక్నికల్ మేనేజర్ మరొకడు. ఓడను నెలల లెక్కన అద్దెకు తీసుకున్న టైమ్ చార్టరర్ ఒకడు, అతని దగ్గర ఒక్క ప్రయాణానికి తీసుకున్నవాడు ఇంకొకడు. సరుకు యజమాని దారిలోనే రెండు మూడుసార్లు మారొచ్చు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు మీద హక్కు చెప్పే పత్రం) చేతులు మారితే చాలు.

జెండా దేశానికి నడిసముద్రంలో ఆ ఓడ మీద పూర్తి అధికారం ఉంటుంది. 1982 సముద్ర చట్టాల ఒప్పందం 92వ అధికరణ చెప్పేది అదే. ఓడకూ జెండా దేశానికీ నిజమైన సంబంధం ఉండాలని 91వ అధికరణ అంటుంది గానీ, ఆ సంబంధమంటే ఏమిటో ఎక్కడా తేల్చలేదు. లైబీరియా నౌకా రిజిస్టర్ రోజువారీ పని అమెరికాలోని వర్జీనియా నుంచి ఒక ప్రైవేటు సంస్థ నడుపుతుంది. మార్షల్ దీవుల రిజిస్టరూ ఆ రాష్ట్రం నుంచే. సార్వభౌమాధికారంలో ఒక ముక్కను కాంట్రాక్టుకు ఇచ్చేశారన్నమాట.

ఎవరైనా ఓడ సంగతి ఆరా తీయాలంటే పేరునూ జెండానూ నమ్మకండి, రెండూ రంగు డబ్బాతో మారిపోతాయి. ఐఎంవో (అంతర్జాతీయ సముద్ర సంస్థ) నంబర్ చూడండి. ఏడంకెలు, ఓడ తుక్కుకు పోయేదాకా మారదు. బయటి పలకల మీద కనీసం 200 మిల్లీమీటర్ల ఎత్తు అంకెలతో చెరగని గుర్తుగా ఉండాలి. నంబర్ సరైనదో కాదో చేత్తోనే తేల్చొచ్చు: మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, వచ్చిన మొత్తం చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. సూయజ్‌లో ఇరుక్కున్న ఎవర్ గివెన్ నంబర్ 9811000. 63, 48, 5, 4, 0, 0 కూడితే 120. చివర సున్నా, కలిసింది. కలవకపోతే టైపు తప్పో, దొంగ నంబరో. కలిసినా అది వేరే ఓడ నంబర్ కావచ్చు. అందుకే కట్టిన సంవత్సరం, పొడవు కూడా పోల్చాలి.

గాజువాక 26 | ఉదయం 9:40

ఇందులో కొత్తేటుంది మాస్టారూ? 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ రేవు మొగలోకే వచ్చింది. అప్పుడూ ముప్పే, ఇప్పుడూ ముప్పే. నేవీ ఉన్నాది, చూసుకుంటాది.

మద్దిలపాలెం మాస్టారు | ఉదయం 10:15

ఘాజీకి జెండా ఉంది బాబూ. ఎవరు పంపారో, ఎందుకు పంపారో, బదులు ఎవరికి చెప్పాలో అన్నీ తెలుసు. కెమ్ ప్లూటో విషయంలో కొట్టినవాడు ఒప్పుకోడు, దెబ్బతిన్నవాడు ఏ దేశంవాడో తేలదు. తేడా అక్కడుంది.

అలాగని ఇదంతా నిన్న మొన్న పుట్టిందీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ వాణిజ్య నౌకల్లో చాలావాటికి బీమా లండన్‌లోని బీమా బజారు లాయిడ్స్‌లోనే ఉండేది. యుద్ధమొచ్చి బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను ముంచితే, పరిహారం లండన్ బీమాదారు కట్టాలా అని బ్రిటన్ ప్రభుత్వ సంఘంలోనే తర్జనభర్జన జరిగింది. అప్పుడు చిక్కు రెండు రాజధానుల మధ్య. ఇప్పుడు ఒక్క ఓడకే అయిదారు రాజధానులు, పైగా వాటిలో కొన్నింటికి సొంత నౌకాదళమన్నదే లేదు.

క్లెయిమ్స్ బల్ల | ఉదయం 11:30

బీమా మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తాను. ఏ సముద్రం ప్రమాదకరమో బీమా బజారుకు చెప్పేది లండన్‌లోని జాయింట్ వార్ కమిటీ, భద్రతా మండలి కాదు. అందులో ఉండేవాళ్లు అండర్‌రైటర్లు, అంటే బీమా పూచీ తీసుకునేవాళ్లు. వాళ్ల జాబితాలోకి ఒక ప్రాంతం ఎక్కిందంటే, అక్కడికి వెళ్లే ముందు ఓనర్ బీమాదారుకు చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి. మామూలుగా ఏడు రోజులకు ఒక రేటు.

ఓడ విలువ 5 కోట్ల డాలర్లు అనుకోండి. ఎర్రసముద్రంలో రేటు 0.05 శాతం ఉన్నప్పుడు ఒక్క ప్రయాణానికి 25 వేల డాలర్లు. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడులతో 2024 మొదట్లో రేటు 0.7 నుంచి 1 శాతం దాకా పోయింది. అంటే 3.5 లక్షల నుంచి 5 లక్షల డాలర్లు, ఏడు రోజులకు. ఆఫ్రికా చుట్టూ తిరిగితే అదనంగా 10 నుంచి 14 రోజులు. రోజుకు 35 టన్నుల ఇంధనం, టన్ను 600 డాలర్లు అనుకుని 12 రోజులకు లెక్కేస్తే 2.52 లక్షల డాలర్లు, ఓడ అద్దె అదనం, సూయజ్ టోల్ మిగులు. ఈ లెక్క చూసుకునే కంపెనీలు దారి మార్చాయి. ఏ ప్రభుత్వమూ సూయజ్ మూయలేదు. అయినా ఈజిప్టుకు కాలువ మీద 2023లో వచ్చిన 1,000 కోట్ల డాలర్లకు పైబడిన ఆదాయం 2024లో 400 కోట్లకు పడిపోయింది. గొడవలో ఏ పక్కా లేని రాజ్యం ఖజానాకు పడిన చిల్లు అది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటి: కోట్ తీసుకున్న రోజు రేటు, ఆ ప్రాంతం దాటే రోజు రేటు ఒకటే అనుకోవడం. పరిస్థితి ముదిరితే కోట్ 24 గంటలకు మించి నిలవదు. ఓడ లంగరేసి ఎదురుచూస్తుంటే ఏడు రోజుల గడువు దాటి రెండోసారి కట్టాల్సి వస్తుంది. ఆ అదనం ఓనర్‌దా చార్టరర్‌దా అన్నది చార్టర్ పార్టీలో (ఓడ అద్దె ఒప్పందంలో) యుద్ధ నిబంధన ఎలా రాసుకున్నారన్న దాని మీద ఉంటుంది. పాత ఫారమ్ కొట్టేసి అంటించినచోటే తగువులన్నీ.

ప్రైవేటు బీమా చేతులెత్తేస్తే మాత్రం రాజ్యం తలుపే తట్టాలి. యుక్రెయిన్ రేవులకు వెళ్లే ఓడల కోసం 2023 నవంబర్‌లో ఆ ప్రభుత్వమే లాయిడ్స్ బజారుతో కలిసి బీమా పథకం పెట్టింది. మన సంగతి చూస్తే, ప్రపంచ నౌకల టన్నేజీలో దాదాపు 90 శాతానికి బాధ్యతా బీమా ఇచ్చే ఇంటర్నేషనల్ గ్రూప్‌లోని 12 ఓడ యజమానుల బీమా క్లబ్బుల్లో ఒక్కటీ మనది కాదు. 2022 డిసెంబర్‌లో పాశ్చాత్య దేశాలు రష్యా చమురుకు బ్యారెల్ 60 డాలర్ల పరిమితి పెట్టినప్పుడు అడ్డుకట్ట వేసింది యుద్ధనౌకలతో కాదు, ఈ బీమాతోనే. ధర మించితే బీమా లేదు, అంతే.

నైట్ వాచ్ | మధ్యాహ్నం 12:50

బ్రిడ్జి మీద నుంచి ఒక చిన్న సంగతి. ఏఐఎస్‌లో (ఓడ పేరు, స్థానం చుట్టుపక్కలకు ప్రసారం చేసే పరికరంలో) గమ్యం రాసే గడి ఉంటుంది, 20 అక్షరాలు పడతాయి. అందులో రేవు పేరు రాయాలి. హౌతీల దాడులు మొదలయ్యాక ఎర్రసముద్రంలో కొన్ని ఓడలు అక్కడ "ఆల్ క్రూ చైనీస్" అనీ, ఇజ్రాయెల్‌తో సంబంధం లేదనీ రాసుకుని తిరిగాయి. జెండా పనామాదైనా లైబీరియాదైనా, కాపాడుతుందని నమ్ముకున్నది వేరే దేశం పేరును. రాజ్యం అవసరం తీరిపోయిందనేవాళ్లు ఆ 20 అక్షరాల గడి ఒకసారి చూడాలి.

ఏఐఎస్ ఎంత నమ్మొచ్చు అంటే, ఓడ చెప్పుకున్నంత. ఆ పరికరానికి స్థానం ఇచ్చేది జీపీఎస్. జీపీఎస్‌ను మాయ చేస్తే ఓడలన్నీ విమానాశ్రయం మీద తేలుతున్నట్టు తెర మీద కనపడతాయి. మొదటి గుర్తు: పటం మీద స్థానం గెంతుతుంది, లేదా వేగం 12 నాట్లు ఉన్నది ఒక్కసారిగా 40 చూపిస్తుంది. అప్పుడు చేయాల్సింది రాడార్‌లో తెలిసిన కొండకో దీవికో దూరమూ దిక్కూ తీసి పటం మీద గీయడం, ఎకో సౌండర్ (లోతు కొలిచే పరికరం) చూపే లోతును పటం లోతుతో పోల్చడం, గైరో దిక్సూచి చూపే దిక్కు సరిచూడడం. తీరం కనపడని చోట రాడార్‌కు పట్టు దొరకదు, అక్కడ డెడ్ రెకనింగే గతి, అంటే వేగం, దిక్కు, గడిచిన సమయం బట్టి స్థానం లెక్కేయడం. ఎలక్ట్రానిక్ పటం అలారాలన్నీ జీపీఎస్ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి అది తప్పు చెప్తున్నా ఏ అలారమూ మోగకపోవచ్చు. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

ఇంకోటి ఎస్‌ఎస్‌ఏఎస్. దాడి జరిగితే నొక్కే రహస్య మీట. కనీసం రెండు చోట్ల ఉండాలి, ఒకటి బ్రిడ్జి మీద. నొక్కితే ఓడలో ఏ మోతా రాదు, పక్క ఓడలకూ తెలియదు. సందేశం నేరుగా జెండా దేశానికీ, కంపెనీకీ పోతుంది. లైబీరియా ఓడ మన తీరం పక్కన నొక్కినా మొదట తెలిసేది మనకు కాదు. జెండా దేశం ఆ దగ్గరి తీర దేశానికి చెప్పాలని నియమం ఉంది. మధ్యలో పోయే నిమిషాలు ఎవరి లెక్కలోకీ రావు.

గాజువాక 26 | మధ్యాహ్నం 1:20

ఇన్ని మెలికలుంటే మరి మన నేవీ ఎందుకెల్లి మంటలార్పింది? ఆ ఓడేటి మనదా?

డాల్ఫిన్ కొండ | మధ్యాహ్నం 1:45

మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ సంగతేగా. 2024 జనవరి 26 రాత్రి, గల్ఫ్ ఆఫ్ ఏడెన్. మార్షల్ దీవుల జెండా, లోపల నాఫ్తా అనే మండే ద్రవం, సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం నుంచి పదిమంది అగ్నిమాపక బృందం ఆ ఓడెక్కి గంటల తరబడి పోరాడింది. (ఊరి పేరు మనదే గానీ ఆ నౌక పశ్చిమ దళానిది, మన రేవులో వెతక్కండి.) ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను ఆదుకోవడం సముద్రంలో అందరి విధి, దానికి జెండా అడగరు. పైగా ప్రపంచానికి నావికులను అందించే మొదటి అయిదు దేశాల్లో మనది ఒకటి. ఓడ మనది కాకపోయినా ప్రాణాలు మనవాళ్లవి.

మద్దిలపాలెం మాస్టారు | మధ్యాహ్నం 2:30

కాపాడడం ఒక ఎత్తు, పట్టుకున్నవాళ్లను ఏం చేయాలన్నది ఇంకో ఎత్తు. 1999లో అలోండ్రా రెయిన్‌బో అనే జపాన్ ఓడను దోచుకుపోతున్న దొంగలను మన కోస్ట్ గార్డ్, నేవీ కలిసి పట్టుకున్నాయి. ముంబై కోర్టు 2003లో ఏడేళ్ల శిక్ష వేసింది. 2005లో హైకోర్టులో అందరూ బయటపడ్డారు. సముద్రపు దోపిడీ మీద మనకు అప్పటికి విడిగా చట్టమే లేదు. దొంగలు విదేశీయులు, ఓడ విదేశీది, నేరం జరిగింది మన నీళ్ల బయట. ఐపీసీ పెట్టి కేసు నడపబోతే ఎక్కడికక్కడ చిరుగే.

2022 నాటి సముద్ర దోపిడీ నిరోధక చట్టం వచ్చాక 2024 మార్చి నాటి కథ చూడండి. ఎంవీ రుయెన్: మాల్టా జెండా, బల్గేరియా యజమాని, సిబ్బంది బల్గేరియా, మయన్మార్, అంగోలా వాళ్లు. మనవాడు ఒక్కడూ లేడు. ఐఎన్‌ఎస్ కోల్‌కతా దాదాపు 40 గంటలు వెంటాడింది, సీ-17 విమానం నుంచి మార్కోస్ కమాండోలు పడవలతో సహా దిగారు. 17 మంది బయటపడ్డారు, 35 మంది దొంగలు లొంగిపోయారు, ముంబై తెచ్చి పోలీసులకు అప్పగించారు. ఏ దేశమైనా దోపిడీ నౌకను పట్టుకోవచ్చని సముద్ర చట్టాల ఒప్పందం 105వ అధికరణ చెప్తుంది గానీ, పట్టుకున్నాక శిక్షించేది సొంత చట్టం. అది లేక ఎన్నో దేశాల నౌకాదళాలు దొంగలను పట్టుకుని, ఆయుధాలు లాక్కుని, ఒడ్డున వదిలేసిన రోజులున్నాయి.

నన్నడిగితే ప్రపంచీకరణ రాజ్యాన్ని తగ్గించలేదు. తనది కాని వాటి బాధ్యత నెత్తిన పెట్టింది, దానికి సరిపడా అధికారం మాత్రం ఇవ్వలేదు.

లంగరు | మధ్యాహ్నం 3:10

మాస్టారు గారితో సగమే ఏకీభవిస్తాను. అధికారం రేవు గడప దగ్గర బాగానే ఉంది, వాడుకోవడంలోనే లోటు. బీరూట్ చూడండి. రోసస్ అనే ఓడ: మోల్డోవా జెండా, యజమానిగా పేరుపడినవాడు ఒక రష్యన్, జార్జియా నుంచి మొజాంబిక్‌కు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్. 2013 నవంబర్‌లో బీరూట్ వచ్చి ఇరుక్కుంది, యజమాని వదిలేశాడు. సరుకు గోదాములో దించారు. కోర్టుకు ఉత్తరాలు, కస్టమ్స్‌కు ఉత్తరాలు, ఆరేళ్లు దాటింది. 2020 ఆగస్టు 4న పేలి 200 మందికి పైగా పోయారు. అక్కడ జెండా దేశం, యజమాని, సరుకు కొన్నవాడు ఎవరూ మిగల్లేదు. మిగిలింది ఒక్క రేవు రాజ్యం, అదీ కాగితాలు తిప్పుతూ కూర్చుంది.

మన రేవుకూ అమ్మోనియం నైట్రేట్ దిగుమతి అవుతుంది కాబట్టి ఇది ఊరి సంగతే. పట్టుకోగలిగిన చోట్లు ఇవి: ఓడ రావడానికి 96 గంటల ముందే భద్రతా నోటీసు రావాలి, అందులో గత పది రేవుల పేర్లుంటాయి. వాటిలో ఖాళీ రోజులుంటే అడగాలి. కంటిన్యువస్ సినాప్సిస్ రికార్డు అనే కాగితంలో జెండా, ఓనర్ ఎప్పుడెప్పుడు మారారో వరసగా ఉంటుంది. ఏడాదిలో మూడు జెండాలు మారిన ముసలి ఓడ అయితే బెర్త్ ఇచ్చే ముందే పోర్ట్ స్టేట్ (రేవు దేశం చేసే) తనిఖీకి చెప్పాలి. సిబ్బందిని వదిలేస్తే నాలుగు నెలల జీతం దాకా చెల్లించే ఆర్థిక హామీ పత్రం 2017 నుంచి ఓడలో కనపడేలా అతికించి ఉండాలి. ఆ పత్రం గడువు తీరిందంటే బీమా ప్రీమియం ఆగిందని, యజమాని జారుకోబోతున్నాడని అర్థం. అన్నిటికన్నా ముందు మోగే గంట అదే. చాలామంది తనిఖీదారులు ముందు లైఫ్‌బోట్లు చూస్తారు. అవీ చూడాల్సిందే గానీ, ముందు గోడ మీది కాగితం చూడండి.

కేబుల్ పురుగు | సాయంత్రం 5:25

అందరూ నీటి పైనే ఉన్నారు, నేను అడుగుకు వెళ్తాను. గూగుల్ 2025 అక్టోబర్‌లో విశాఖకు 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రం ప్రకటించినప్పుడు ఊళ్లో అందరూ ఉద్యోగాల లెక్కలేశారు. అందులోనే అంతర్జాతీయ సముద్ర కేబుళ్లు ఇక్కడ దిగుతాయన్న వాక్యం ఉంది. భద్రత కోణంలో అదే పెద్ద వార్త.

లోతు సముద్రంలో ఈ కేబుల్ లావు రెండు సెంటీమీటర్లు, తోటకు నీళ్లు పట్టే గొట్టమంత. ఒడ్డు దగ్గర ఉక్కు తీగల కవచం చుట్టి ఇసుకలో మీటరో రెండు మీటర్లో పాతిపెడతారు. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా తెగుతాయి, ఎక్కువభాగం వలలకూ లంగర్లకూ. 2024 ఫిబ్రవరిలో హౌతీలు కొట్టిన రూబీమార్ ఓడ లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకుపోయింది, దాని దారిలో మూడు కేబుళ్లు తెగాయి. క్షిపణి గురి ఓడ మీద, దెబ్బ ఖండాల మధ్య ఇంటర్నెట్ మీద.

మరమ్మతు ఎలాగంటే: రెండు ఒడ్డుల స్టేషన్ల నుంచి కాంతి పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎన్నో కిలోమీటరు దగ్గర తెగిందో తేలుస్తారు. నౌక స్పేర్ కేబుల్ ఎక్కించుకుని బయల్దేరుతుంది. కొక్కెంతో అడుగున గాలించి ఒక కొస పైకి లాగి, పరీక్షించి, మూతవేసి, బోయాకు (నీటి మీద తేలే గుర్తుకు) కట్టి వదులుతారు. రెండో కొస లాగి స్పేర్‌తో అతుకుతారు, మళ్లీ మొదటి కొసకు వచ్చి చివరి అతుకు. ఒక్కో అతుక్కి దాదాపు ఒక రోజు: గాజు పోగులు కరిగించి కలపాలి, పైన ప్లాస్టిక్ పోతపోయాలి, గాలి బుడగలు లేవని ఎక్స్‌రే తీయాలి. బుడగ ఉంటే వేల వోల్టుల దగ్గర అక్కడే కాలిపోతుంది. సముద్రం ఎగసిపడితే అన్నీ ఆపాలి.

ఈ పని వారం పది రోజులు. అసలు ఆలస్యం అనుమతులది. యెమెన్ దగ్గర తెగినవాటికి అనుమతి సనాలోని హౌతీలు ఇవ్వాలా ఏడెన్‌లోని ప్రభుత్వం ఇవ్వాలా అన్న తగువుతోనే నెలలు గడిచాయి. మన దగ్గర తగువు లేదు గానీ శాఖలు చాలా. మరమ్మతు నౌకలకు విదేశాల మీదే ఆధారపడుతున్నాం, దానితో కస్టమ్స్, సిబ్బంది అనుమతులు, నేవీ అనుమతి అన్నీ తోడవుతాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే దీని మీద సిఫారసులు చేసింది.

విశాఖకు ప్రత్యేకం ఒకటుంది. మన లంగరు ప్రాంతంలో ఓడలు బారులు తీరి ఉంటాయి, హుద్‌హుద్ లాంటి తుఫానొస్తే లంగర్లు జారతాయి. కేబుళ్లు రెండు వేర్వేరు చోట్ల ఒడ్డెక్కాలి, దారిని పటాల మీద లంగరు నిషేధ ప్రాంతంగా గుర్తించాలి. ట్రాలర్లకు ఆ రేఖలు తెలుగులో, జీపీఎస్ పాయింట్లతో ముందే ఇవ్వాలి. జాలర్లకు చెప్పకుండా వేసిన కేబుల్‌ను ముందు పట్టేది వలే.

నైట్ వాచ్ | సాయంత్రం 6:05

పటంలో గుర్తించాక ఇంకో తలనొప్పి: అందరికీ కనపడుతుంది, కోయదలచినవాడికి కూడా. దాచితే లంగర్లు తెంచుతాయి, చూపితే శత్రువుకు దారి చూపినట్టు. చూపడమే మేలని ఎక్కువ దేశాలు తేల్చుకున్నాయి, ఎందుకంటే తెగేవాటిలో ఎక్కువ పొరపాటున తెగేవే.

గాజువాక 26 | రాత్రి 8:15

ఓడలు, తీగలు సరే. మన కొండ కింద నూనె దాచారు కదా, అదైనా పూర్తిగా మనదేనా?

క్లెయిమ్స్ బల్ల | రాత్రి 8:50

విశాఖ గుహలో 13.3 లక్షల టన్నులు పడుతుంది, 2015 నుంచి వాడుకలో ఉంది. విశాఖ, మంగళూరు, పాదూరు కలిపి 53.3 లక్షల టన్నులు, నిండుగా ఉంటే దేశానికి సుమారు తొమ్మిదిన్నర రోజులు. రిఫైనరీల సొంత నిల్వలు వేరే. గుహకు ఉక్కు పొర ఉండదు. చుట్టూ రాతిలోని భూగర్భజలం ఒత్తిడే నూనెను లోపల పట్టి ఉంచుతుంది. అందుకే పైన సొరంగాల నుంచి నీళ్లు ఎక్కిస్తూనే ఉండాలి, లోపలికి ఊరిన నీటిని తోడుతూ ఉండాలి. ఆ చుట్టుపక్కల బోర్లు ఇష్టమొచ్చినట్టు తవ్వితే నీటిమట్టం పడిపోయి ఒత్తిడి తగ్గుతుంది.

ఎవరిదంటే: విశాఖలో 3 లక్షల టన్నుల వాటా హెచ్‌పీసీఎల్‌ది, మిగతాది ప్రభుత్వానిది. మంగళూరులో మాత్రం 2018లో కొంత భాగం అబుదాబి చమురు కంపెనీ తన నూనెతో నింపింది. అత్యవసరమైతే మొదటి హక్కు మనది. ఖాళీ గుహ కన్నా పరాయి నూనె ఉన్న గుహ మేలనే లెక్క అది, నాకు అందులో తప్పేమీ కనపడదు.

నన్ను భయపెట్టేది నూనె కాదు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ గుజరాత్‌లోని నయారా రిఫైనరీ మీద ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత కొద్ది రోజులకే అమెరికన్ కంపెనీ మైక్రోసాఫ్ట్ వాళ్ల సేవలు ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఆ వెంటనే సేవలు తిరిగొచ్చాయి. భారత్ ఆంక్షలు పెట్టలేదు, అమెరికా పెట్టలేదు, అయినా గుజరాత్‌లో ఈమెయిల్ ఆగింది. ఇక్కడ రేవు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటుల్లో ఒప్పందాలు చూసేవాళ్లు మూడు విషయాలు వెతకాలి: వివాదమొస్తే ఏ దేశం చట్టం వర్తిస్తుంది, ఆంక్షల నిబంధనలో ఏయే దేశాల పేర్లున్నాయి, ఆపే ముందు ఎన్ని రోజుల నోటీసు. రెండోదానిలో "వర్తించే ఏ ఆంక్షలైనా" అని వదిలేసి ఉంటే దాన్ని పేర్లతో సహా రాయించుకోవాలి. మెయిల్ నకలు రోజూ మన సర్వర్‌లోకి పడుతుండాలి.

డాల్ఫిన్ కొండ | రాత్రి 9:30

చర్చకు రెండు భాగాలు పెడుతున్నాను: బీమా, చట్టం ఒకటి, కేబుళ్లు, సాఫ్ట్‌వేర్ ఒకటి. మొదటిది క్లెయిమ్స్ బల్ల గారు, మాస్టారు గారు కలిసి చూడండి. కేబుల్ పురుగు గారూ, మన లంగరు ప్రాంతం హద్దులున్న పటం మీద కేబుల్ దారి గీసి చూపగలిగితే గాజువాక తమ్ముడి ప్రశ్నలు సగం అక్కడే తీరతాయి.

గాజువాక 26 | రాత్రి 9:42

సగమే. బోర్ల సంగతి ఎవరు చూస్తున్నారో ఇంకా చెప్పలేదు.